ఆగిపోయిన అప్‌లోడ్ల ముక్కలను బకెట్‌లోంచి తీసెయ్యడం ఎలా

(శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, వీడియో స్టూడియోలవాళ్లు, ఆసుపత్రుల కంప్యూటర్ విభాగాలవాళ్లు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగం. సభలోంచి వచ్చిన ప్రశ్నలు చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వచ్చేద్దాం.

నరసన్నపేటలో ఒక పెళ్లి వీడియోల స్టూడియో ఉందనుకోండి. ఒక పెళ్లి ఫుటేజీ మొత్తం 40 జీబీల ఒకే ఫైల్. దాన్ని రాత్రిపూట అమెజాన్ (ఏడబ్ల్యూఎస్) వాళ్ల ఇంటర్నెట్ నిల్వ ఎస్3లో, ముంబై రీజియన్‌లో ఉన్న తమ బకెట్‌కి, అంటే ఫైళ్లు దాచుకునే అరకి, ఎక్కిస్తున్నారు. అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్. లైను ఎక్కడా తెగకపోతే దాదాపు నాలుగున్నర గంటల పని. మొదటి రాత్రి 30 జీబీ వెళ్లాక కరెంటు పోయింది. రెండో రాత్రి 22 జీబీ దగ్గర కంప్యూటర్ అప్‌డేట్ పేరుతో దానంతట అదే రీస్టార్ట్ అయింది. మూడో రాత్రి 35 జీబీ దగ్గర మళ్లీ కరెంటు. నాలుగో రాత్రి పూర్తయింది. పొద్దున్న బకెట్ తెరిస్తే ఒకటే ఫైల్, 40 జీబీ. అందరూ సంతోషమే. కానీ నెలాఖరున నిల్వ లెక్క 127 జీబీకి నడుస్తుంది. మిగతా 87 జీబీ ఎక్కడుందో ఎంత వెతికినా కనపడదు, ఎందుకంటే మామూలు లిస్టింగ్ దాన్ని చూపించదు.

ముంబైలో స్టాండర్డ్ నిల్వకి నెలకు జీబీకి రెండున్నర సెంట్లు. 87 జీబీ అంటే నెలకు రెండు డాలర్ల పైచిలుకు, పెద్ద మొత్తమేం కాదు. సీజన్‌లో ఇలాంటి పెళ్లిళ్లు ఇరవై అయితే 1,740 జీబీ, నెలకు 43 డాలర్లు దాటుతుంది. అదీ ఒక్క నెలతో ఆగదు, ఎవరో ఒకరు తీసేదాకా ప్రతి నెలా వస్తూనే ఉంటుంది. సీటీ, ఎంఆర్ఐ స్కాన్ల బ్యాకప్పులు పంపే ఆసుపత్రుల్లో ఇది ఇంకా తొందరగా పేరుకుంటుంది.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే మల్టీపార్ట్ అప్‌లోడ్, అంటే ఫైలుని ముక్కలుగా పంపే పద్ధతి, నడిచే తీరు చూడాలి. ఎస్3లో ఒకే రిక్వెస్టుతో పంపగలిగేది గరిష్ఠంగా 5 జీబీ. అంతకన్నా పెద్దదైతే ముక్కలు చెయ్యక తప్పదు. ఈ ముక్కల పద్ధతి 2010లో వచ్చింది. ఇందులో మూడు దశలు. మొదట క్లయింట్, అంటే మీ కంప్యూటర్‌లో ఫైలు పంపే ప్రోగ్రామ్, 'క్రియేట్ మల్టీపార్ట్ అప్‌లోడ్' అని అడుగుతుంది, సర్వర్ ఒక అప్‌లోడ్ ఐడీ ఇస్తుంది. తర్వాత ఆ ఐడీ పేరు మీద 1 నుంచి 10,000 వరకు నంబర్లు వేసి పార్టులు పంపుతుంది. ఒక్కో పార్టు 5 ఎంబీకి తగ్గకూడదు, 5 జీబీకి మించకూడదు. చివరి పార్టుకి మాత్రం కనీస పరిమితి లేదు. ప్రతి పార్టు చేరాక సర్వర్ ఈట్యాగ్ అనే గుర్తు తిరిగి ఇస్తుంది. అన్నీ చేరాక పార్టు నంబర్లూ ఈట్యాగులూ ఒక జాబితాగా పెట్టి 'కంప్లీట్' పంపితే అప్పుడు ఆబ్జెక్టు, అంటే బకెట్‌లో కనపడే పూర్తి ఫైలు, పుడుతుంది.

ఆ మూడో దశ జరగనంతవరకు ఆబ్జెక్టు లేదు. పార్టులు మాత్రం డిస్కు మీద ఉన్నాయి, వాటికి అద్దె నడుస్తోంది. సర్వర్ వాటిని తనంతట తాను పారెయ్యదు. మీరు రేపు వచ్చి మిగతావి పంపుతారేమో అని ఉంచుతుంది. ఈ పద్ధతి పెట్టిందే అందుకు. ఎవరూ రాకపోతే ఏళ్లయినా అలాగే ఉంటాయి.

మన స్టూడియో ఉదాహరణలో నాలుగు రాత్రులూ ఒకే ఫైలు, ఒకే పేరు. అయినా నాలుగు వేరు వేరు అప్‌లోడ్ ఐడీలు. ఏడబ్ల్యూఎస్ సీఎల్ఐలో, అంటే వాళ్ల కమాండ్ లైన్ ప్రోగ్రామ్‌లో, కాపీ చేసే 'సీపీ' కమాండ్ పాత ఐడీని వెతికి అక్కణ్నుంచి మొదలుపెట్టదు, ప్రతిసారీ కొత్తది తీసుకుంటుంది. ఒకే పేరు మీద ఎన్ని అప్‌లోడ్లయినా సగంలో ఉండొచ్చు, ఒకదాన్ని ఒకటి చెరపవు.

మరి సీఎల్ఐ శుభ్రం చెయ్యదా అంటే, చేస్తుంది. టైమవుట్ అయినా, మీరు కంట్రోల్-సీ కొట్టినా, అది అబార్ట్, అంటే అప్‌లోడ్ రద్దు చెయ్యమనే ఆదేశం, పంపి ముక్కలు తీసేస్తుంది. దానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఆ నిమిషాల్లో విసుగుపుట్టి విండో మూసేస్తే పని సగంలో పోతుంది. కిల్ కమాండ్‌తో ప్రాసెస్‌ని చంపినా, మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమే చంపినా, కరెంటు పోయినా శుభ్రం చేసే కోడ్ నడిచే అవకాశమే లేదు. అందుకే క్లయింట్ వైపు ఎంత జాగ్రత్తగా రాసినా సరిపోదని గట్టిగా చెబుతున్నాను. సర్వర్ వైపు ఒక నియమం ఉండి తీరాలి. బకెట్ సృష్టించిన రోజే, అందులో మొదటి ఫైల్ పడకముందే పెట్టెయ్యాలి.

ఆ నియమం పేరు 'అబార్ట్ ఇన్‌కంప్లీట్ మల్టీపార్ట్ అప్‌లోడ్'. బకెట్‌లో ఉన్నవాటికి గడువులు పెట్టే లైఫ్‌సైకిల్ రూల్స్‌లో 2016 నుంచి ఉంది. కన్సోల్‌లో, అంటే ఏడబ్ల్యూఎస్ వెబ్ పేజీలో, బకెట్ తెరిచి, మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో 'క్రియేట్ లైఫ్‌సైకిల్ రూల్' నొక్కండి. పేరు ఇవ్వండి. 'బకెట్‌లోని అన్ని ఆబ్జెక్టులకూ వర్తించాలి' అనేది ఎంచుకుంటే హెచ్చరిక వస్తుంది, చదివి టిక్ పెట్టండి. కింద చర్యల్లో చివరిది, గడువు తీరిన డిలీట్ మార్కర్లు, అసంపూర్ణ అప్‌లోడ్ల గురించి ఉంటుంది. అదొక్కటే ఎంచుకుని, అసంపూర్ణ మల్టీపార్ట్ అప్‌లోడ్లు తొలగించే పెట్టె టిక్ చేసి, రోజులు 7 అని వెయ్యండి. పైన ఉన్న 'ఎక్స్‌పైర్ కరెంట్ వెర్షన్స్' పొరపాటున కూడా టిక్ చెయ్యొద్దు, అది అసలు ఫైళ్లకే గడువు పెట్టేస్తుంది. ఇంకోటి, ఫిల్టర్ కింద ట్యాగ్ గానీ ఆబ్జెక్టు సైజు గానీ ఇస్తే ఈ చర్య పని చెయ్యదు. సగంలో ఉన్న అప్‌లోడ్ ఇంకా ఆబ్జెక్టు కాదు కాబట్టి ఆ ఫిల్టర్లు దానికి వర్తించవు. ప్రిఫిక్స్, అంటే ఫైలు పేరు మొదటి భాగం, ఇవ్వొచ్చు.

కమాండ్ లైన్‌లోంచి చేసేవాళ్లు ఇక్కడ బాగా గమనించండి. 'పుట్-బకెట్-లైఫ్‌సైకిల్-కాన్ఫిగరేషన్' ఉన్న రూల్స్‌కి ఇంకొకటి కలపదు. మొత్తం పాత కాన్ఫిగరేషన్ తీసేసి మీరిచ్చింది పెడుతుంది. పాత లాగులు 90 రోజులకు పోయే రూల్, పాత స్కాన్లు గ్లేసియర్ అనే చవక నిల్వకి మారే రూల్ అప్పటికే ఉన్నాయనుకోండి, మీరు ఒక్క అబార్ట్ రూల్ ఉన్న ఫైల్ పంపితే ఆ రెండూ పోతాయి. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. కాబట్టి ముందు 'గెట్' కమాండ్‌తో ఉన్నదాన్ని ఫైల్‌గా దించుకోండి, దానికి ఒక కాపీ తీసి పక్కన పెట్టండి, కొత్త రూల్ అందులో కలపండి, అప్పుడు 'పుట్' చెయ్యండి. అయ్యాక మళ్లీ 'గెట్' చేసి రూల్స్ లెక్కపెట్టండి.

రూల్ పెట్టేముందు ఉన్న పాత ముక్కలకి కూడా ఇది వర్తిస్తుంది. అందువల్ల ఏళ్ల నాటి చెత్త ఒకటి రెండు రోజుల్లో తగ్గడం చూస్తారు. లెక్క యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, నడుస్తుంది. అప్‌లోడ్ మొదలైన సమయానికి రోజులు కలిపి, తర్వాత వచ్చే యూటీసీ అర్ధరాత్రికి, అంటే మన ఉదయం ఐదున్నరకి, అది తొలగింపుకు అర్హమవుతుంది. ఆపైన కొంత ఆలస్యం ఉండొచ్చు. రోజులు లెక్కపెట్టేది అప్‌లోడ్ మొదలైన క్షణం నుంచి. చివరి పార్టు వచ్చినప్పటి నుంచి కాదు. ఇది మర్చిపోతేనే కింద చెప్పబోయే ఇబ్బంది వస్తుంది.

ఏడు ఎందుకు, ఒకటి ఎందుకు కాదు? చాలామంది ఒకటి పెట్టేస్తారు, తొందరగా శుభ్రమవుతుందని. మీ బకెట్‌లోకి రాసేది ఒక్క సీఎల్ఐ అయితే ఒకటి కూడా సరిపోవచ్చు. కానీ కొన్ని సాఫ్ట్‌వేర్లు మల్టీపార్ట్ అప్‌లోడ్‌ని కావాలనే తెరిచి ఉంచుతాయి. పెద్ద డేటా పనులకు వాడే హడూప్‌లో ఎస్3ఏ కమిటర్లనే భాగాలు టాస్కుల్లో పార్టులు పంపి, జాబ్ మొత్తం ముగిశాకే కంప్లీట్ చేస్తాయి. అలాంటిదే ఫ్లింక్, సగంలో ఉన్న అప్‌లోడ్ వివరాలను చెక్‌పాయింట్‌లో, అంటే ఆగితే తిరిగి మొదలుపెట్టడానికి దాచే స్థితిలో, దాస్తుంది. ఆ చెక్‌పాయింట్ నుంచి కోలుకోవాలంటే ఆ పార్టులు అక్కడ ఉండాలి. వాడుకరి ఇవాళ ఆపి ఎల్లుండి కొనసాగించే సౌకర్యం ఉన్న టస్ సర్వర్ కూడా ఎస్3 మీద ఇదే పద్ధతిలో నడుస్తుంది. వీటి కింద నుంచి పార్టులు లాగేస్తే 'నో సచ్ అప్‌లోడ్' అనే 404 ఎర్రర్ వస్తుంది. కాబట్టి మీ దగ్గర న్యాయంగా నడిచే అప్‌లోడ్ గరిష్ఠంగా ఎన్ని రోజులు పడుతుందో చూసి, దానికన్నా బాగా ఎక్కువ పెట్టండి. మామూలుగా ఏడు చాలు.

మన జిల్లాకి ఇంకొక లెక్క ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఆగిన అప్‌లోడ్ ఎనిమిదో రోజున లేస్తే దాని ఐడీ అప్పటికే చెల్లదు. అందుకోసం రూల్‌ని 30 రోజులకు పెంచడం నా దృష్టిలో సరికాదు. ప్రోగ్రామ్ 'నో సచ్ అప్‌లోడ్' చూసినప్పుడు అదే ఐడీతో వందసార్లు ప్రయత్నించకుండా, కొత్త ఐడీ తీసుకుని మొదటి నుంచి పంపేలా రాయండి. నాలుగైదు వరుసల కోడ్‌తో పోయేదానికి నెలంతా చెత్తకి అద్దె కట్టక్కర్లేదు.

ఇప్పుడు ఉన్నదెంతో కొలవడం. ఎస్3 నిల్వ లెక్కలు చూపించే స్టోరేజ్ లెన్స్ డ్యాష్‌బోర్డులో ఉచితంగా వచ్చే కొలతల్లోనే అసంపూర్ణ మల్టీపార్ట్ బైట్లు అనేది ఉంటుంది, ఏడు రోజులు దాటినవి ఎన్ని అనేది విడిగా ఉంటుంది. ఆ రెండోదే చూడండి, మొదటి దాంట్లో ఇప్పుడు నడుస్తున్నవీ కలిసిపోతాయి. ఏడబ్ల్యూఎస్ కొలతల సేవ క్లౌడ్‌వాచ్‌లోని 'బకెట్ సైజ్ బైట్స్' మాత్రం ఆబ్జెక్టులూ ముక్కలూ పాత వెర్షన్లూ అన్నీ కలిపి ఒకే అంకె చెబుతుంది. లిస్టింగ్ మొత్తానికీ ఆ అంకెకీ తేడా వస్తే అది ముక్కల వల్లే అని తేల్చెయ్యకండి. వెర్షనింగ్, అంటే ఫైలు మార్చినా పాత కాపీలు ఉంచే సౌకర్యం, ఉంటే పాత వెర్షన్ల వల్ల కూడా కావొచ్చు.

ఏ ఫైలువో తెలియాలంటే 'లిస్ట్-మల్టీపార్ట్-అప్‌లోడ్స్' నడపాలి. ఫైల్ పేరు, అప్‌లోడ్ ఐడీ, మొదలైన సమయం, ఎవరు మొదలుపెట్టారు, ఇవి వస్తాయి. సైజు రాదు. సైజు కావాలంటే ఒక్కో ఐడీకి 'లిస్ట్-పార్ట్స్' అడిగి పార్టుల సైజులు కూడుకోవాలి. రెండింటికీ ఒక్కో పిలుపుకి వెయ్యే వస్తాయి. మీరే కోడ్ రాస్తే తర్వాతి పేజీకి ఫైల్ పేరు మార్కర్, అప్‌లోడ్ ఐడీ మార్కర్, రెండూ కలిపి పంపాలి. పేరు ఒక్కటే పంపితే ఒకే పేరు మీద ఉన్న చాలా అప్‌లోడ్లలో కొన్ని జారిపోతాయి.

చేత్తో తీసెయ్యాలంటే 'అబార్ట్-మల్టీపార్ట్-అప్‌లోడ్'కి బకెట్, ఫైల్ పేరు, ఐడీ మూడూ ఇవ్వాలి. స్క్రిప్టు రాసేవాళ్లు మొదలైన సమయం తప్పకుండా పోల్చండి. వయసు చూడకుండా జాబితాలో ఉన్నవన్నీ అబార్ట్ చేస్తే పక్క గదిలో నడుస్తున్న అప్‌లోడ్ కూడా పోతుంది. ఆ సమయం యూటీసీలో ఉంటుంది, మన గడియారం ఐదున్నర గంటలు ముందు. ఒక సున్నితమైన సంగతి: మీరు అబార్ట్ పంపే క్షణంలో ఏదైనా పార్టు దారిలో ఉంటే అది అబార్ట్ తర్వాత కూడా చేరి నిలిచిపోవచ్చు. కాబట్టి పంపేవాడిని ముందు ఆపండి, అబార్ట్ చెయ్యండి, 'లిస్ట్-పార్ట్స్' అడగండి. 'నో సచ్ అప్‌లోడ్' వస్తే శుభ్రం. పార్టులు కనిపిస్తే మళ్లీ అబార్ట్.

ఫైళ్లు క్లౌడ్‌కి కాపీ చేసే ఆర్‌క్లోన్ ప్రోగ్రామ్ వాడే స్టూడియోలవాళ్లకి ఇంత అక్కర్లేదు. 'ఆర్‌క్లోన్ క్లీనప్' అని రిమోట్, బకెట్ పేరు ఇస్తే 24 గంటలు దాటిన అసంపూర్ణ అప్‌లోడ్లు తీసేస్తుంది. వెర్షన్ల మీద, డిలీట్ చేసిన ఫైళ్ల మీద దాని ప్రభావం స్టోరేజీని బట్టి మారుతుంది కాబట్టి ముందు డ్రై-రన్ (ఏదీ తీసెయ్యకుండా ఏం చేస్తుందో మాత్రం చూపించేది) పెట్టి చూసుకోండి.

చెత్త పుట్టకుండా ఆపడం గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే లైను బాగున్నా, కరెంటు ఉన్నా ముక్కలు మిగిలే సందర్భాలున్నాయి, అవి వెతికి పట్టుకోవడం కష్టం.

మొదటిది పార్టు సైజు. 5 ఎంబీ అంటే ఇక్కడ 52,42,880 బైట్లు. ప్రోగ్రాములో 50,00,000 అని రాస్తే ప్రతి పార్టూ హాయిగా ఎక్కుతుంది, ఎక్కడా ఎర్రర్ రాదు. చివర కంప్లీట్ దగ్గర 'ఎంటిటీ టూ స్మాల్' అంటుంది. అప్పటికి మొత్తం ఫైలు సర్వర్ మీద ఉంది, కానీ ఆబ్జెక్టుగా మారదు. చిన్న ఫైలుతో పరీక్షిస్తే ఇది బయటపడదు, ఎందుకంటే ఉన్న ఒక్క పార్టే చివరి పార్టు. కనీసం 15 ఎంబీల ఫైలుతో పరీక్షించండి.

రెండోది బ్రౌజర్ నుంచి నేరుగా ఎక్కించే సైట్లు. పార్టు చేరాక ఈట్యాగ్ రెస్పాన్స్ హెడర్‌లో వస్తుంది. వేరే సైట్ నుంచి వచ్చే బ్రౌజర్‌కి ఏం చూపించాలో చెప్పే బకెట్ కార్స్ (CORS) సెట్టింగ్‌లో 'ఎక్స్‌పోజ్ హెడర్స్' కింద ఈట్యాగ్ రాయకపోతే బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ దాన్ని చదవలేదు. ఈట్యాగులు లేకుండా కంప్లీట్ జాబితా తయారవదు. అంటే ప్రతి వాడుకరీ, ప్రతిసారీ, వంద శాతం ఎక్కించి కూడా ముక్కలే మిగులుస్తాడు.

మూడోది తాత్కాలిక కీలు. ఒక గంటకి గడువు తీరే టోకెన్‌తో నాలుగున్నర గంటల అప్‌లోడ్ మొదలుపెడితే గంట దాటాక పార్టులు తిరస్కరిస్తుంది. క్లయింట్ మర్యాదగా అబార్ట్ పంపుతుంది, అదీ అదే పాత టోకెన్‌తోనే కాబట్టి అదీ తిరస్కరిస్తుంది. మధ్యలో కీలు కొత్తవి తెచ్చుకునే ఏర్పాటు ఉండాలి. ఇలాంటిదే అనుమతుల తప్పు: మొదలుపెట్టడానికీ, పార్టులు పంపడానికీ, ముగించడానికీ 'పుట్ ఆబ్జెక్ట్' ఒక్కటి చాలు. అబార్ట్‌కి 'అబార్ట్ మల్టీపార్ట్ అప్‌లోడ్' అనే అనుమతి విడిగా ఇవ్వాలి. అది మర్చిపోతే ఆ క్లయింట్ చెత్త పోయగలదు, ఎత్తలేదు.

నాలుగోది, కంప్లీట్‌కి జవాబుగా 200, అంటే 'సరే' అనే కోడ్, వచ్చినంత మాత్రాన పని అయినట్టు కాదు. పెద్ద ఫైలు కలపడానికి సమయం పడుతుంది, సర్వర్ ముందే 200 మొదలుపెట్టి, తర్వాత జవాబు లోపల ఎర్రర్ రాయొచ్చు. జవాబు లోపలి భాగం (బాడీ) చదవాలి. పైథాన్‌లో ఎస్3కి వాడే బోటో3 లైబ్రరీలో 'అప్‌లోడ్ ఫైల్' లాంటి పైస్థాయి ఫంక్షన్లు విఫలమైతే అబార్ట్ కూడా అవే చూసుకుంటాయి. కింది స్థాయి పిలుపులు మీరే రాసుకుంటే ఇవన్నీ మీ బాధ్యతే. అవసరం లేకపోతే రాసుకోవద్దు.

ఐదోది పార్టుల సంఖ్య. సీఎల్ఐ మామూలుగా 8 ఎంబీ పార్టులు చేస్తుంది. 40 జీబీకి 5,120 పార్టులు, పర్వాలేదు. 100 జీబీకి 12,800 అవుతుంది, 10,000 దాటింది. సీఎల్ఐ పార్టు సైజు తానే పెంచుకుంటుంది, మీ సొంత కోడ్ పెంచుకోదు. 10,001వ పార్టు దగ్గర ఆగుతుంది, అప్పటికే 78 జీబీ అక్కడ చేరి ఉంటుంది.

గ్లేసియర్ ఫ్లెక్సిబుల్, డీప్ ఆర్కైవ్ తరగతులకు నేరుగా పంపేవాళ్లు చవక అని ధీమాగా ఉండకండి. కంప్లీట్ అయ్యేదాకా ఆ పార్టులకి స్టాండర్డ్ ధరే పడుతుంది. ఒక ఊరట, అసంపూర్ణ అప్‌లోడ్లు ఏ తరగతివైనా ముందే తీసేసినందుకు అదనపు రుసుము లేదు.

మిగతా కంపెనీల సంగతి త్వరగా చెప్పేస్తాను. క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2లో ఏడు రోజుల అబార్ట్ రూల్ ముందే పెట్టి ఉంటుంది. అజూర్‌లో కమిట్ కాని బ్లాకులు వారం తర్వాత వాటంతట అవే పోతాయి. గూగుల్‌లో రిజ్యూమబుల్ సెషన్ వారానికి ముగుస్తుంది, కానీ ఎక్స్ఎంఎల్ ఏపీఐ మల్టీపార్ట్ అప్‌లోడ్లకి ఎస్3 లాగే లైఫ్‌సైకిల్ రూల్ పెట్టాలి. బ్యాక్‌బ్లేజ్‌లో మీరు రద్దు చేసేదాకా, లేదా రూల్ పెట్టేదాకా ఉంటాయి.

కాలేజీల్లో, ఆసుపత్రుల్లో సొంత సర్వర్ మీద ఎస్3 లాంటి నిల్వ ఇచ్చే మినియో నడిపేవాళ్లకి: అది 24 గంటలు దాటిన అప్‌లోడ్లను ఆరు గంటలకోసారి చూసి తీసేస్తుంది. డిస్కు మీద దాని సిస్టమ్ ఫోల్డర్‌లో ఉన్న మల్టీపార్ట్ డైరెక్టరీని మీరు చేత్తో డిలీట్ చెయ్యకండి. నడుస్తున్నవీ అందులోనే ఉంటాయి. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ సెఫ్ అయితే అబార్ట్ చేసిన వెంటనే ఖాళీ కనిపించదు. చెత్త తీసే పని (గార్బేజ్ కలెక్షన్) మామూలుగా రెండు గంటలు ఆగి మొదలవుతుంది. తగ్గలేదని కంగారుపడి పూల్‌లో ఆబ్జెక్టులు చెరపడం మొదలుపెట్టొద్దు.

ఇక ప్రశ్నలు అడగండి.

(సభలోంచి) సార్, అదే పేరుతో పూర్తయిన ఫైల్ ఉంది. పాత ముక్కల్ని అబార్ట్ చేస్తే ఆ ఫైల్‌కి ఏమైనా అవుతుందా?

ఏమీ కాదమ్మా. పూర్తయిన ఆబ్జెక్టుకి ఆ ఐడీలతో సంబంధం లేదు. కంప్లీట్ అయిన అప్‌లోడ్ ఐడీ ఆ జాబితాలోనే ఉండదు, కాబట్టి అబార్ట్ చేద్దామన్నా అందదు. ప్రమాదం ఒక్క నడుస్తున్న అప్‌లోడ్‌కే.

(సభలోంచి) బకెట్లు అరవై దాకా ఉన్నాయండి. ఒక్కోదానికి కన్సోల్‌లో పెట్టాలా?

వద్దు. స్టోరేజ్ లెన్స్‌లో ఏడు రోజులు దాటిన బైట్ల ప్రకారం బకెట్లని వరసలో పెట్టండి. పైన ఉన్న వాటికి చేత్తో ఇవాళే పెట్టండి. మిగతావాటికి స్క్రిప్టు: ప్రతి బకెట్‌కి 'గెట్' చెయ్యడం, అబార్ట్ రూల్ లేకపోతే కలపడం, 'పుట్' చెయ్యడం. అసలు లైఫ్‌సైకిలే లేని బకెట్‌కి 'గెట్' ఎర్రర్ ఇస్తుంది, దాన్ని ఖాళీ జాబితాగా తీసుకోవాలి. వేరే ఏ ఎర్రర్ వచ్చినా, అంటే అనుమతి లేదనో నెట్ పోయిందనో వస్తే, ఆ బకెట్ వదిలేసి ముందుకెళ్లేలా రాయండి. అన్ని ఎర్రర్లనీ ఖాళీ అనుకుంటే ఉన్న రూల్స్ పోతాయి. కొత్త బకెట్లు టెర్రాఫామ్‌తో, అంటే సెట్టింగులు కోడ్‌గా రాసే సాధనంతో, చేస్తుంటే ఆ మాడ్యూల్‌లోనే రూల్ రాసెయ్యండి.

(సభలోంచి) 35 జీబీ వెళ్లి ఆగింది కదండీ. పారెయ్యకుండా అక్కణ్నుంచే పంపడం కుదరదా?

కుదురుతుంది బాబూ, రూల్ గడువు లోపలైతే. 'లిస్ట్-మల్టీపార్ట్-అప్‌లోడ్స్'తో ఐడీ పట్టుకో. 'లిస్ట్-పార్ట్స్' అడిగితే చేరిన పార్టుల నంబర్లు, సైజులు, ఈట్యాగులు వస్తాయి. ఒకేసారి పది పార్టులు వెళ్తుంటాయి కాబట్టి మధ్యలో కూడా ఖాళీలుంటాయి, చివరి నంబరు చూసి అంతవరకు అన్నీ ఉన్నాయనుకోవద్దు. ఫైలుని మొదటిసారి కోసిన సైజులోనే మళ్లీ కోసి, లేని నంబర్లు మాత్రమే 'అప్‌లోడ్-పార్ట్'తో పంపు. సైజు మార్చావా, అంచులు కలవవు, ఫైలు పాడవుతుంది, సర్వర్ ఏమీ అనదు. ఈలోగా ఫైలుని మళ్లీ ఎడిట్ చేసి ఉంటే మాత్రం పాతది అబార్ట్ చేసి మొదటి నుంచి పంపాలి. అన్నీ చేరాక జాబితాని నంబర్ల వరసలో పెట్టి కంప్లీట్ పంపు. వరస తప్పితే 'ఇన్‌వాలిడ్ పార్ట్ ఆర్డర్' అంటుంది, సరిచేసి మళ్లీ పంపితే తీసుకుంటుంది.